రెండు వందల పద్నాలుగో పుట మహిమ

మంచి పాఠ్యపుస్తకంలో ఒక తప్పు ఉండి తీరాలి. లేనిపక్షంలో దాన్ని మర్యాదగా తిప్పి పంపేయాలి!

ఈ మాట నేను ఆవేశపడి అనడం లేదు. చేతులు కడుక్కుని, కళ్లజోడు తుడుచుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని రాస్తున్నాను. చెవి, ముక్కు, గొంతు ఆపరేషన్లు నేర్చుకునే యువ డాక్టర్లకు ఇచ్చే పుస్తకంలోనైతే ఆ తప్పు మరీ ముఖ్యం. అది అక్షరాల్లో ఉంటే చాలదు, బొమ్మలో ఉండాలి. బొమ్మలోనూ ఏ అంచునో ఉంటే లాభం లేదు, సరిగ్గా కత్తి పెట్టవలసిన చోట ఉండాలి.

అటువంటి పుస్తకం మా ఆసుపత్రికి పదకొండేళ్ల క్రితమే దొరికింది. ఇంతటి భాగ్యాన్ని మేమే దాచుకుని అనుభవించడం మిగతా ప్రపంచానికి అన్యాయం చేయడమే. అన్యాయం నాకు చిన్నప్పటి నుంచీ సరిపడదు.

నేనెవరినో ముందు చెప్పాలి. ముప్పై రెండేళ్లు మా ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగపు ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా పనిచేశాను. అందులో చివరి పద్నాలుగేళ్లు హెడ్ నర్సును. సర్జన్ చెయ్యి చాపితే, నోరు తెరిచి అడగకముందే కావలసిన పరికరం ఆ చేతిలో పడేది. కాన్వెంటులో చదువుకున్నదాన్ని. అంచున గీత గీయకుండా కాగితం మీద అక్షరం పెట్టను, కారణం లేకుండా గొంతు పెంచను. డాక్టర్లు, ఆయాలు, రోగులు అందరూ నన్ను సిస్టరమ్మ అనేవారు. రిటైరై నాలుగేళ్లయినా ఆ పిలుపు మాత్రం రిటైర్ కాలేదు.

కిందటి నెల ఆసుపత్రి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పాఠ్యపుస్తకాల ఎంపిక సంఘంలో నన్ను 'బయటి సభ్యురాలి'గా నియమించారట. ఆ విభాగంతో ఏ సంబంధమూ లేనివారు ఒకరైనా సంఘంలో ఉండాలని నిబంధన. ముప్పై రెండేళ్లు అక్కడే నిలబడి కాళ్లు వాచిన నాకంటే సంబంధం లేనివారు వారికి ఎక్కడా దొరకలేదు. నిష్పక్షపాతం అంటే ఇలా ఉండాలి!

పాఠ్యపుస్తకాలను చదివి ఎంచుకుంటారని మీరు అనుకుంటున్నారా? అనుకోండి. అమాయకత్వం ఆరోగ్యానికి మంచిదే.

మా విభాగంలో పుస్తకాన్ని మొదట తూకం వేస్తారు. త్రాసులో కాదు, రెండు చేతుల్లో. మూడు సంపుటాల మహాగ్రంథం ఒకటి ఆ పరీక్షలో సునాయాసంగా నెగ్గింది. దాని ఉపయోగాలు అన్నీ ఇన్నీ కావు. పొట్టిగా ఉండే ఒక డాక్టరమ్మకు ఆపరేషన్ టేబుల్ అందేది కాదు. మూడో సంపుటం నేల మీద వేసి, దాని మీద నిలబడి, రెండేళ్లు దివ్యంగా ఆపరేషన్లు నేర్చుకుంది. గొంతు అధ్యాయం కంటే ముక్కు అధ్యాయం గట్టిగా ఉందని ఆమె అభిప్రాయం. ఆ గ్రంథాన్ని అంతగా వాడుకున్న విద్యార్థి మరొకరు లేరు.

తర్వాత అట్ట రంగు చూస్తారు. ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒకటి థియేటర్ గుడ్డల రంగుతో కలిసిపోతుందని ఎంపికైంది. నిజంగానే కలిసిపోయింది. ఇప్పటికీ దొరకలేదు.

ఆధునికత కూడా ఉండాలి కదా? ఫోన్ చూపిస్తే వీడియో వచ్చే పుస్తకం ఒకటి తెప్పించారు. ముక్కు లోపలి వంకర ఎముకను సరిచేసే వీడియో సరిగ్గా ముక్కు రంధ్రం దాకా వచ్చి, గుండ్రంగా తిరుగుతూ అక్కడే ఆగిపోయేది. దాన్ని చూసి చూసి మా పిల్లలకు సహనం అలవడింది. సర్జన్‌కు సహనం అక్కరలేదా?

ఇక మౌఖిక పరీక్షల సంగతి. ఒక్కొక్క పరీక్షాధికారికి ఒక్కొక్క పుస్తకం మీద మమకారం. అదే ఆపరేషన్, అదే చెవి. ఒక పుస్తకంలో తొమ్మిది అంచెలు, మరొక పుస్తకంలో పన్నెండు. మీసాలున్న ఆయన ముందు తొమ్మిది చెప్పాలి, మీసాల్లేని ఆయన ముందు పన్నెండు చెప్పాలి. ఒక ఏడాది మీసాలాయన నున్నగా గీయించుకుని వచ్చేసరికి బ్యాచ్ మొత్తం నోరు పెగలక నిలబడిపోయింది! పుస్తకజ్ఞానానికి లోకజ్ఞానం తోడైతే కలిగే ఫలం అది.

ఇన్ని పుస్తకాలు వచ్చినా, పోయినా, పదకొండేళ్లుగా చెక్కుచెదరకుండా నిలిచింది ఒక్కటే. దాని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరం ఎర్రట్ట అంటాం. నేను పొగడబోయేది దాన్నే.

ఎర్రట్టలో రెండు వందల పద్నాలుగో పుట తెరవండి. పుటంతా ఒకే రంగుల ఫొటో. ఆపరేషన్ జరుగుతుండగా తీసినది. చెవి దొప్పను ముందుకు మడిచి, దాని వెనక ఎముకను తొలిచి ఉంటారు. తేనెపట్టు లాంటి ఆ ఎముక లోపలి నుంచే ముఖనాడి పోతుంది. మనం నవ్వినా, కన్ను కొట్టినా, మూతి ముడుచుకున్నా అన్నీ ఆ ఒక్క నాడి దయ. ఫొటో కింద 'ఎడమ చెవి' అని స్పష్టంగా అచ్చయింది.

ఫొటోలో ఉన్నది మాత్రం కుడి చెవి!

అంటే కుడి చెవి అని కాదు. తీసినది ఎడమ చెవినే. అచ్చు వేసేటప్పుడు స్లైడు తిరగబడింది. ముందు ఉండవలసిన చెవి కాలువ వెనక్కి వెళ్లింది. వెనక ఉండవలసిన పెద్ద రక్తనాళం ముందుకు వచ్చి కూర్చుంది. పాపం ముఖనాడి కూడా వాటితో పాటు దిక్కు మార్చుకుంది.

ఆ బొమ్మను నమ్మి ఎడమ చెవిలో డ్రిల్లు పెడితే ఏమవుతుంది? ఒక మనిషి ముఖం సగం వాలిపోతుంది. ఒక కన్ను మూసుకోదు. తాగే నీళ్లు పెదవి పక్క నుంచి కారిపోతాయి. మా దగ్గర ఇది ఇంతవరకు జరగలేదు. జరగకపోవడానికి కారణం మా సంప్రదాయం.

ఆ సంప్రదాయం ఏమిటంటారా? అద్దం!

గొంతు లోపల చూడటానికి డాక్టర్లు వాడే చిన్న అద్దం ఒకటుంది. పొడవాటి కాడ, చివర చొక్కా గుండీ కంటే కాస్త పెద్దదైన గుండ్రటి అద్దం. మా విభాగంలో చేరిన ప్రతి కొత్త డాక్టరుకూ మొదటి వారంలోనే సీనియర్ ఒకరు అటువంటి అద్దం చేతిలో పెట్టి, చెవిలో చెబుతారు: "రెండు వందల పద్నాలుగు అద్దంలో చూసుకో. ఎవరితోనూ అనకు." అప్పటి నుంచి ఆ అద్దం ఆ పుటలోనే గుర్తుగా ఉంటుంది. ఎర్రట్ట ప్రతులు నలభై ఉన్నాయి. నలభై కూడా ఒకే చోట కాస్త ఉబ్బి ఉంటాయి.

దీని వల్ల కలిగే లాభాలు చూడండి. అద్దం చిన్నది కనుక బొమ్మ ఒకేసారి కనబడదు, ముక్కముక్కలుగా చూసి మనసులో అతుక్కోవాలి. జ్ఞాపకశక్తి పెరుగుతుంది. దగ్గరగా వంగితే ఊపిరి తగిలి అద్దం మసకేస్తుంది కనుక ఊపిరి బిగబట్టాలి. నిలకడ వస్తుంది. కాడ సన్నది కనుక చెయ్యి వణకకూడదు. ఏ తప్పూ లేని పుస్తకం ఇవన్నీ నేర్పగలదా? మా దగ్గర చదువుకుని వెళ్లిన ఒకాయనకు ఈ అలవాటు ముదిరి, కారును కూడా వెనకచూపు అద్దంలో చూస్తూనే ముందుకు నడుపుతాడట. చెవి మాత్రం అద్భుతంగా కోస్తాడు!

సంప్రదాయంలో రెండో భాగం ఇంకా ముఖ్యమైనది. థియేటర్‌లో అద్దం ప్రకారం ఆపరేషన్ చేయాలి. పరీక్షలో పుస్తకం ప్రకారం జవాబు చెప్పాలి. ఎందుకంటే ఆ ఫొటో తీయించి, పుస్తకం వేసినవాళ్లకు పంపినది మా విభాగాధిపతే. ఎర్రట్ట మొదటి పుటలో ఆయనకు కృతజ్ఞతలు అచ్చయి ఉన్నాయి. మేమంతా ఆయనను పెద్దాయన అంటాం. ఫొటో తిరగబడిందని పెద్దాయనకు తెలియదా? తెలుసు. ఆయన గదిలోని ప్రతిలోనూ అద్దం ఉంది. వెండి కాడది.

ఇలా పదకొండేళ్లు, ఏడాదికి ముగ్గురు చొప్పున ముప్పై ముగ్గురు డాక్టర్లు, ఒక నోటితో అబద్ధం చెప్పి, రెండు చేతులతో నిజం చేసి, హాయిగా పట్టాలు పుచ్చుకున్నారు.

ముప్పై నాలుగో ఆమె దగ్గర వచ్చింది చిక్కు.

ఆ అమ్మాయిని తోటివాళ్లు 'అనుమానం డాక్టర్' అంటారు. రోగికి మత్తు ఇచ్చే ముందు కుడా ఎడమా అని మూడుసార్లు అడుగుతుందని ఆ పేరు పెట్టారు. ఆఖరి పరీక్షలో ఒక ఎడమ చెవి ఎముక ముందు పెట్టి, ముఖనాడి ఎక్కడుందో చూపించమన్నారు. అమ్మాయి చూపించింది. ఎర్రట్ట పక్కనే తెరిచి పెట్టుకుని కూర్చున్న బయటి పరీక్షాధికారి, మర్యాదస్థుడు, "పుస్తకంలో అటు లేదేంటమ్మా?" అని అడిగాడు. "సార్, పుస్తకంలో ఫొటో తిరగబడింది," అంది అమ్మాయి.

పెద్దాయన పక్కనే ఉన్నారు. అమ్మాయి తప్పింది. కారణం గడిలో 'ప్రామాణిక గ్రంథంపై అవిశ్వాసం' అని రాశారు.

తప్పడమంటే ఆరు నెలలు ఆగి మళ్లీ రాయాలి. అమ్మాయికి పిల్లల చెవుడు నయం చేసే ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమై ఉంది. వచ్చే నెల ఒకటో తారీఖున చేరాలి. చేరకపోతే ఆ చోటు మరొకరికి పోతుంది.

ఈ సంగతి నాకు ఎలా తెలిసిందంటే, సంఘం సమావేశానికి వారం ముందు పుస్తకాల ప్రతులు తెచ్చుకోవడానికి లైబ్రరీకి వెళ్లాను. వరండాలో అమ్మాయి ఎదురైంది.

"సిస్టరమ్మా, నేను తప్పేం చెప్పలేదు. నాడి ఎక్కడుందన్నారు. ఎక్కడుందో అక్కడే వేలు పెట్టాను."

"ఎముక మీద వేలు పెట్టమన్నారు గానీ పుస్తకం మీద పెట్టమన్నారా?"

"ఆయన అడిగారు కదండీ! అడిగితే ఏం చెప్పాలి?"

"నీకు అద్దం ఇచ్చినప్పుడు చెప్పలేదా, ఎవరితోనూ అనకని?"

"చెప్పారు. ఎందుకు అనకూడదో మాత్రం ఎవరూ చెప్పలేదు," అంది అనుమానం డాక్టర్.

ఎంత పొగరు! నేను గట్టిగా మందలించి, ఎర్రట్ట చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

ఇంట్లో నాతో మా ఆడపడుచు ఉంటుంది. నలభై ఏళ్లు టైలరింగ్ చేసి, ఇప్పుడు ఎదుటివాళ్ల కుట్లలో తప్పులు పట్టుకుంటూ కాలక్షేపం చేస్తోంది. నేను కళ్లజోడు వెతుక్కునేలోపు ఎర్రట్ట తెరిచింది. ఉబ్బెత్తు చోటే తెరుచుకుంటుంది కదా.

"వదినా, ఈయన ఎటు చూస్తున్నాడు?"

"ఎవరు?"

"ఈ చెవి తాలూకు మనిషి. అంచున దవడ కనిపిస్తోంది చూడు. ఎడమ చెవి మనకు కనబడాలంటే ముఖం మన ఎడమకు ఉండాలి. ఈయన ముఖం కుడికి ఉంది. కుడి చెయ్యి తెచ్చి ఎడమ భుజానికి కుట్టినట్టుంది మీ పుస్తకం!"

"అది తిరగబడిన ఫొటో. అద్దంలో చూసుకుంటే సరిగ్గా ఉంటుంది," అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "ఓహో! నేనూ ఒకసారి ఒకడి కోటుకు చేతులు మార్చి కుట్టేశాను, వాడికి కూడా అదే చెప్పాల్సింది. బాబూ, చేతులు తారుమారయ్యాయి, కానీ అద్దం ముందు నిలబడితే సరిగ్గా ఉంటాయి, ఎప్పుడూ అద్దం ముందే ఉండు అని! అనవసరంగా విప్పి కుట్టాను." కాసేపటికి నవ్వు ఆపి అడిగింది. "ఇంతమంది డాక్టర్లున్నారు. ఒక్కళ్లూ కనిపెట్టలేకపోయారా?"

"కనిపెట్టలేకపోవడమేమిటి? పుస్తకం వచ్చిన రోజే కనిపెట్టాం."

"మరి?"

నేను ఎర్రట్ట తీసుకుని మూసేశాను. నిద్రపోయే వేళైందని చెప్పాను. అప్పటికి సాయంత్రం ఆరున్నర.

సమావేశం సూపరింటెండెంట్ గారి గదిలో జరిగింది. పొడవాటి బల్ల, దాని మీద అడ్డంగా చీలిన గాజు పలక, ఐదు నీళ్ల సీసాలు, గోడన ఎక్స్‌రేలు చూసే పాత దీపపు పెట్టె. సూపరింటెండెంట్ గారు, పెద్దాయన, లైబ్రేరియన్, మత్తు డాక్టర్, నేను. మత్తు డాక్టర్ తన వృత్తికి న్యాయం చేస్తూ మొదటి ఐదు నిమిషాల్లోనే కునుకు తీశారు.

సూపరింటెండెంట్ గారు చాలా పద్ధతి గల ఆవిడ. ముందే చెప్పారు: "చూడండి, ఆ అమ్మాయి అప్పీలు పరీక్షల బోర్డు దగ్గర ఉంది. పుస్తకంలో దోషం ఉందని మన మినిట్స్‌లో ఉంటే, వాళ్లు మార్కులు మళ్లీ వేస్తారు. దోషం లేదని ఉంటే అమ్మాయి ఫెయిలే. కాబట్టి ఎవరేం చెప్పినా ఆలోచించి చెప్పండి. టీ నాలుగింటికి వస్తుంది."

"దోషమా? ఎక్కడ?" అన్నారు పెద్దాయన. "ముప్పై ముగ్గురు సర్జన్లను తయారుచేసిన పుస్తకం అండీ అది! ఒక్క ముఖం వాలిందా? ఒక్క కేసు చూపించండి!"

"నలభై ప్రతులకు నంబర్లు వేసి, స్టాంపు కొట్టి ఉన్నాయి," అన్నాడు లైబ్రేరియన్. స్టాంపు కొట్టాక దోషం ఎలా ఉంటుందని అతని బాధ.

నేను నెమ్మదిగా అన్నాను: "ముఖాలు వాలకపోవడానికి కారణం పుస్తకం కాదు డాక్టరుగారూ, అద్దం."

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలారు. నన్ను చూసి చిరునవ్వు నవ్వారు. ముప్పై రెండేళ్లలో ఆ చిరునవ్వు నాకు బాగా తెలుసు. రక్తస్రావం ఆగిందని రూఢి అయ్యాక నవ్వే నవ్వు అది.

"బాగా గుర్తుచేశారు. ఆ అద్దం మొట్టమొదట ఎవరిచ్చారో సిస్టరమ్మనే అడగండి మేడమ్."

అందరూ నా వైపు తిరిగారు. మత్తు డాక్టర్‌కు కూడా మెలకువ వచ్చింది.

నేనే ఇచ్చాను.

ఎర్రట్ట వచ్చిన కొత్తలో ఒక కుర్ర డాక్టర్ రేపు ఎడమ చెవి ఆపరేషన్‌లో నిలబడాలని, ఆ పుట ముందు పెట్టుకుని కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. చూసి జాలిపడ్డాను. గీతలు పడి పక్కన పడేసిన గొంతు అద్దాల డబ్బా నా దగ్గర ఉంది. ఒకటి తీసి ఇచ్చి, ఇందులో చూసుకో నాయనా, ఎవరితోనూ అనకు అన్నాను. ఆ మాటలు నావే. పదకొండేళ్లుగా చెవి నుంచి చెవికి వెళుతున్న ఆ రెండో వాక్యం కూడా నాదే. రెండో ఏడాది వచ్చేసరికి డబ్బా మీద పేరు రాసి పెట్టాను, వెతుక్కునే పని లేకుండా. నా వీడ్కోలు సభలో 'విద్యార్థులకు వెలుగు చూపిన తల్లి' అని ఫలకం ఇచ్చినప్పుడు ఎవరూ విడమరచి చెప్పలేదు గానీ, అందరూ చప్పట్లు కొట్టింది ఈ సేవకే!

మా కాన్వెంటులో తప్పు చేసిన పిల్లను ఒక పీరియడ్ నిలబెట్టేవారు. చూసి ఊరుకున్న పిల్లను రెండు పీరియడ్లు. ఊరుకోవడానికి పక్కపిల్లకు ఉపాయం కూడా చెప్పినదానికి ఎన్ని పీరియడ్లో మాకు చెప్పలేదు. అంతటి పిల్ల పుడుతుందని వాళ్లు ఊహించి ఉండరు.

పెద్దాయన ఇంకా నవ్వుతున్నారు. నేను దోషం ఉందంటే ఆ దోషాన్ని కాపాడినది నేనే అవుతాను. లేదంటే అమ్మాయి ఒకటో తారీఖు ఉద్యోగం పోతుంది. ఇటువంటి సమయంలో మనిషి ఏం చేయాలి?

పుస్తకాన్ని పొగడాలి! నేను అదే చేశాను.

"డాక్టరుగారు చెప్పింది అక్షరాలా నిజం," అన్నాను. "అద్దం నేనే ఇచ్చాను. అది ఎంత గొప్ప పద్ధతో ఈరోజు డాక్టరుగారి నోట వింటే కడుపు నిండింది. ఇంత మంచి పద్ధతి చాటుమాటుగా సాగడం విభాగానికే చిన్నతనం. ఎర్రట్టను ఉంచుదాం. ప్రతి ప్రతితో పాటు ఒక అద్దం ఆసుపత్రే ఇవ్వాలని తీర్మానం చేద్దాం."

"అదీ మాట!" అన్నారు పెద్దాయన, బల్ల మీద చరిచి. "చూశారా మేడమ్? అనుభవం అంటే ఇదీ. 'దర్పణ పద్ధతి' అని పేరు పెడదాం. మిగతా ఆసుపత్రుల వాళ్లు మనల్ని చూసి నేర్చుకుంటారు."

"అద్దాలకు కూడా నంబర్లు వేయాలి," అన్నాడు లైబ్రేరియన్, ఆశగా.

"సిస్టరమ్మా, మీ దస్తూరి బాగుంటుంది. మీరే రాసేయండి," అన్నారు సూపరింటెండెంట్ గారు. నాలుగుకు ఐదు నిమిషాలుంది.

అంచున గీత గీసి, ఇలా రాశాను:

'ఎర్రట్ట గ్రంథం రెండు వందల పద్నాలుగో పుటలో ఎడమ చెవి అని అచ్చయిన ఫొటో కుడి ఎడమలు తారుమారై ముద్రితమైనది. దానిని అద్దంలో చూసినప్పుడు మాత్రమే ముఖనాడి దాని వాస్తవ స్థానంలో కనబడుతుంది. ఈ సంగతి విభాగాధిపతితో సహా విభాగంలో అందరికీ పదకొండు సంవత్సరాలుగా తెలుసు. దీనిని ప్రచురణకర్తకు తెలియజేయడానికి బదులు విద్యార్థులకు రహస్యంగా అద్దాలు ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టినది అప్పటి హెడ్ నర్సు, ఈ సంఘపు బయటి సభ్యురాలు. కావున ఇకమీదట ప్రతి ప్రతితోనూ అద్దం బహిరంగంగా ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.'

కాగితం బల్ల చుట్టూ తిరిగింది. సూపరింటెండెంట్ గారు వాచీ చూసుకుంటూ సంతకం చేశారు. లైబ్రేరియన్ సంతకం చేసి, అలవాటు కొద్దీ స్టాంపు కూడా కొట్టాడు. మత్తు డాక్టర్ కళ్లు నలుపుకుంటూ చేశారు. పెద్దాయన అందరికంటే పెద్ద సంతకం చేసి, కింద రెండు గీతలు గీశారు. టీ వచ్చింది.

పాఠకులారా, గమనించారా? ఐదు వాక్యాలు. ఒక్కరూ చదవలేదు! పన్నెండు వందల పుటల గ్రంథాలను ఎంపిక చేసే మేధావులకు అర పుట చదివే తీరిక ఎక్కడుంటుంది? చదవకుండా సంతకం చేసే ఆ మంచి అలవాటే లేకపోతే న్యాయానికి ఈ లోకంలో దారి ఉండేదా?

మరునాడు ఉదయం అనుమానం డాక్టర్ ఆ మినిట్స్ నకలు పట్టుకుని పరీక్షల బోర్డుకు వెళ్లింది. వెళ్లే ముందు మా ఇంటి గుమ్మంలో నిలబడి కాగితాన్ని రెండుసార్లు చదివింది. మొత్తం చదివే మనిషిని చూసి ఎన్నాళ్లయిందో!

"మీ పేరు ఎందుకు ఇరికించారు సిస్టరమ్మా? అది లేకపోయినా నా పని అయ్యేది కదా?"

"నీ పని అయ్యేదే. నా పని అయ్యేది కాదు. ఆలస్యమవుతుంది, వెళ్లు."

బోర్డు నాలుగు రోజుల్లో మార్కులు మళ్లీ వేసింది. అమ్మాయి నెగ్గింది. ఒకటో తారీఖున పిల్లల ఆసుపత్రిలో చేరింది. మొదటి రోజే ఏదో పుస్తకంలో ఏదో అనుమానం వచ్చిందని అక్కడి నుంచి ఫోన్ చేసింది. నాతో కాదు తల్లీ, అచ్చు వేసినవాళ్లతో చెప్పు అన్నాను.

పెద్దాయన కూడా ఫోన్ చేశారు.

"సిస్టరమ్మా, ఏంటండీ ఇది! నా సంతకంతో నాకే ఎసరు పెట్టారే!"

"అదేమిటి డాక్టరుగారూ, చదివే చేశారు కదా?"

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది. చెవి డాక్టర్‌కు నా మాట వినబడిందో లేదో నాకు తెలియదు.

నాకు కూడా ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. ఆసుపత్రి పరికరాలను అనుమతి లేకుండా విద్యార్థులకు ఇచ్చినందుకు సంజాయిషీ ఇవ్వమన్నారు. వీడ్కోలు ఫలకం కూడా వెనక్కి అడిగారు. తుడిచి, కాగితంలో చుట్టి, ఇచ్చి వచ్చాను. సంజాయిషీ ఒకే వాక్యం రాశాను: 'ఆరోపణ నిజం, అడగడం ఆలస్యమైంది.'

ఆ కలం మూత పెట్టకముందే ఎర్రట్ట ప్రచురణకర్తకు కూడా నాలుగు వాక్యాలు రాశాను. పుట సంఖ్య, ఫొటో, ఏది ఎటు తిరిగిందో వివరం, నా చిరునామా. మా ఆడపడుచు గడియారం చూసి చెప్పింది, మొత్తం పన్నెండు నిమిషాలు పట్టిందట. పదకొండేళ్లూ, పన్నెండు నిమిషాలూ అని రెండుసార్లు అంది. వంటింట్లోకి వెళ్లి మూడోసారి కూడా అంది.

తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. చాలా వినయంగా రాశారు. కొత్త ముద్రణలో ఫొటో సరిచేస్తారట, ఈలోగా నలభై ప్రతులకూ అతికించడానికి సరైన ఫొటోలు పంపుతున్నారట. చివరిలో ఒక్క మాట మాత్రం నాకు నచ్చలేదు. 'ఈ పొరపాటును ఇన్నేళ్లలో ఎవరూ మా దృష్టికి ఎందుకు తేలేదో అర్థం కావడం లేదు' అన్నారు.

ఎలా తెస్తామండీ? అద్దాలు తుడుచుకోవడంతోనే మాకు సరిపోయింది!